చెలియలికట్ట అవతల

సముద్రపు హద్దుకు తెలుగులో ఒక చక్కని మాట ఉన్నది: చెలియలికట్ట. కడలి ఎంత పొంగినా దాటరాని గట్టు అని అర్థం. విశ్వనాథవారు ఒక నవలకు ఈ పేరే పెట్టారు. ముప్ఫై మూడేళ్ల ఉపాధ్యాయ వృత్తిలో పాఠంలో ఈ మాట ఎదురైనప్పుడల్లా అర్థం చెప్పి, పిల్లలచేత రాయించి, వెంటనే తరువాతి మాటకు వెళ్లిపోయేవాణ్ణి. ఆ మాట దగ్గర ఆగడం నాకు ఇష్టముండేది కాదు.

గత జూన్ నెలలో మా అమ్మాయి కుటుంబంతో కలిసి హవాయి దీవులకు వెళ్లడం తటస్థించినది. ఒఆహు దీవి, హోనలూలు నగరం, వైకీకీ తీరం. దిగిన సాయంత్రమే మా మనుమరాలు, పన్నెండేళ్లది, పలకమీద నిలబడి అలలపై స్వారీ చేసే సర్ఫింగ్ నేర్చుకుంటానని పట్టుపట్టినది. అల్లుడుగారు సరేనన్నారు. నేను వద్దన్నాను. మా అమ్మాయి నా ముఖం చూసి నిదానంగా చెప్పినది.

“నాన్నగారూ, మీరు భయపడి వద్దంటే నేను ఒప్పుకోను. చూసి వద్దంటే ఒప్పుకుంటాను. ఇక్కడి వాతావరణ కార్యాలయంవాళ్లు సముద్రం ఎలా ఉంటుందో రోజూ చెబుతారు. చదివి చెప్పండి. మీరు సరేనన్న రోజునే పంపుతాను.”

జీవితమంతా పరీక్షలు పెట్టినవాడికి ఇలా ఒక పరీక్ష ఎదురైనది. మాకున్నవి ఆరు రోజులు. కళ్లజోడు సవరించుకొని కూర్చున్నాను.

ఆ పట్టికలో ముఖ్యంగా అయిదు విషయాలుంటాయి: అల ఎత్తు, ఆవర్తన కాలం, అది వచ్చే దిక్కు, గాలి, ఆటుపోట్లు. ఎత్తు సంగతి ఎవరికైనా తెలుస్తుందనుకున్నాను. అక్కడే మొదటి తప్పు. కార్యాలయంవారు అల ముఖాన్ని, అంటే అడుగునుండి శిఖరందాకా, కొలిచి చెబుతారు. స్థానికులు పాత అలవాటు కొద్దీ అలను వెనుకనుండి చూసి చెబుతారు. అది దాదాపు సగం ఉంటుంది. అక్కడివాడు “రెండడుగులే” అన్నాడంటే మన ముందు నిలిచేది నాలుగడుగుల అల. పన్నెండేళ్ల పిల్లకు రెండడుగులకూ నాలుగడుగులకూ చాలా తేడా ఉన్నది.

అసలు రహస్యం రెండవ అంకెలో ఉన్నది. ఒక అల శిఖరానికీ తరువాతి శిఖరానికీ మధ్య గడిచే కాలమే ఆవర్తన కాలం. దగ్గరి గాలి లేపిన అలకు అది అయిదారు సెకన్లు. ఎక్కడో దూరాన పుట్టి వచ్చిన అలకు 14, 16, ఒక్కొక్కప్పుడు 20 సెకన్లు కూడా. లోతైన సముద్రంలో 6 సెకన్ల అల పొడవు సుమారు 56 మీటర్లు. 14 సెకన్ల అల పొడవు 300 మీటర్ల పైమాటే. పైకి రెండూ రెండడుగులుగానే కనిపించవచ్చు. కాని రెండవది తన వెనుక ఎంత నీటిని కదిలిస్తూ వస్తున్నదో తీరానికి చేరి లేచినప్పుడుగాని తెలియదు. మితభాషిని చూసి అమాయకుడనుకోవడం వంటిదే ఇదీ.

జూన్‌లో వైకీకీకి వచ్చే అలల జన్మస్థలం న్యూజీలాండ్ చుట్టుప్రక్కల, దానికి దక్షిణాన ఉన్న మహాసముద్రం. ఉత్తరార్ధగోళంలో వేసవి నడుస్తున్నప్పుడు అక్కడ శీతకాలం, తుపానుల కాలం. ఆ తుపాను గాలికి లేచిన అలలు సుమారు ఎనిమిది వేల కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికి వస్తాయి. 18 సెకన్ల అలల సమూహం రోజుకు 1200 కిలోమీటర్లు నడిస్తే, 14 సెకన్లది 900 పైచిలుకు నడుస్తుంది. అందువల్ల దీర్ఘకాలపు అలలు ఆరేడు రోజులలో ముందుగా చేరతాయి, తక్కినవి రెండు రోజుల వెనుక వస్తాయి. 1963లో వాల్టర్ మంక్ అనే సముద్ర శాస్త్రవేత్త తన బృందంతో న్యూజీలాండ్ నుండి అలాస్కా దాకా దారిపొడుగునా కొలమానాలు పెట్టి ఈ అలల వెంట నడిచినంత పని చేశాడు. పుట్టిన తుపాను ప్రాంతం దాటిన తరువాత ఈ అలలు తమ శక్తిని దాదాపు పోగొట్టుకోవని ఆయన తేల్చాడు. ఎవరి ఊరిలోనో వీచిన గాలి వారం తరువాత మరెవరి కాళ్లనో తాకుతుందన్నమాట.

మరి అంతటి అల పిల్లలకు ఆటవస్తువు ఎలా అవుతున్నది? దానికి కారణం వైకీకీ ముందున్న పగడపు దిబ్బ. అది నిట్టనిలువుగా లేచిన గోడ కాదు. తీరంనుండి చాలా దూరం వరకు నీటి అడుగున వాలుగా పరచుకొని ఉన్నది. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గినప్పుడు అల విరుగుతుంది. నిటారు దిబ్బమీద ఒక్కసారిగా బోర్లపడి విరిగే అల, ఈ వాలుమీద శిఖరంనుండి నురుగుగా జారుతూ మెల్లగా విరుగుతుంది. ‘కెనూస్’ అని పిలిచే చోట విరిగిన అల ఒడ్డువైపు చాలాసేపు సాగి అలసిపోతుంది. నేర్చుకొనేవారికి నిలబడడానికి, పడడానికి, మళ్లీ నిలబడడానికి వ్యవధి దొరుకుతుంది. ఈశాన్యపు వ్యాపార పవనాలు అక్కడ నేలమీదనుండి సముద్రంవైపు వీస్తాయి గనుక అల ముఖం నునుపుగా ఉంటుంది. అయితే ఆ గాలి మితిమీరితే పలకమీద ఉన్న పసివాణ్ణి సముద్రంలోకే తోసుకుపోతుంది. గుణమే దోషమయ్యే సందర్భాలు అలంకార శాస్త్రంలోనే కాదు, ఇక్కడా ఉన్నవి.

ఇంకొక విషయం చదివి మాత్రం నేను ఉలిక్కిపడి నవ్వాను. వైకీకీ తీరానికి పౌర్ణమి తరువాత 8 నుండి 10 రోజుల మధ్య ఒక జాతి విషపు జెల్లీచేపలు గుంపులుగా వస్తాయట. అవి కుడితే భరించరాని మంట. అంటే బహుళ అష్టమి, నవమి, దశమి! ఇంటినుండి పంచాంగం వెంట తెచ్చుకున్నందుకు మా ఆవిడ నన్ను ఎగతాళి చేసినది. మేము దిగినది బహుళ సప్తమినాడు. తరువాతి మూడు రోజులూ పంచాంగం చూసే వద్దన్నాను. శాస్త్రం కూడా నా పక్షానే ఉన్నది గనుక ఎవరూ మాట్లాడలేదు.

నిజం ఒప్పుకోవాలి. ఆ మూడు రోజులూ నాకు ప్రాణం హాయిగా ఉన్నది.

ఆ రోజులలో ఉదయం, సాయంత్రం ఒడ్డుకు వెళ్లి కూర్చొనేవాణ్ణి. కూహియో బీచి దగ్గర డ్యూక్ కహానమోకు విగ్రహం ఉన్నది. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో ఈతలో స్వర్ణపతకం గెలిచి, సర్ఫింగ్‌ను ప్రపంచానికి పరిచయం చేసిన హవాయి బిడ్డ ఆయన. విగ్రహం చేతులనిండా యాత్రికులు వేసిన పూలదండలు. ఆ విగ్రహం సముద్రానికి వీపు పెట్టి నిలబడి ఉంటుంది. సముద్రానికి వెన్ను చూపరాదన్నది ఆ విద్యలో మొదటి పాఠం గనుక, అలా నిలబెట్టడం తప్పని ఆక్షేపించినవారున్నారు. నేనుమాత్రం ఆయన ప్రక్కనే కూర్చొని, నలభై ఏడేళ్లుగా నేను చేసినదీ అదే కదా అనుకున్నాను.

మాది దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం. నేను గుంటూరులో చదువుకుంటూ ఉన్నాను. మా చెల్లెలు నాగులచవితికి కోడూరు అవతల, సముద్రానికి దగ్గరలో ఉన్న మా మేనత్త ఇంటికి వెళ్లి, నాలుగు రోజులుండి వస్తానని ఆగిపోయినది. దానికి అప్పుడు పన్నెండేళ్లు. ఆనాడు పౌర్ణమి కాదు, అమావాస్య కాదు. తుపాను తీరం దాటుతూ సుమారు 5 మీటర్ల ఎత్తున నీటిని నేలమీదికి తోసినది. పదివేలమంది పోయారని లెక్కలు చెప్పాయి. మేనత్త ఇంట్లో అయిదుగురూ ఆ లెక్కలో ఉన్నారు. మా చెల్లెలు దొరకలేదు. నాన్నగారు పదకొండు రోజులు పొలాల్లో వెదికి, తరువాత ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు. చెలియలు అంటే చెల్లెలే కదా. ఆ మాట దగ్గర నేను ఎందుకు ఆగేవాణ్ణి కానో ఇంతకన్న చెప్పలేను.

ఇన్నేళ్లూ ఉప్పెన అంటే పెద్ద అల అనే అనుకుంటూ వచ్చాను. దానిని చూడలేదు గనుక, ఏ కెరటం లేచినా అదే అనుకునేవాణ్ణి. తెలుగు చెప్పేవాడినై ఉండి రెండు మాటలను ఒకటిగా చేసుకున్నాను. ఉప్పెన అల కాదు. తుపాను గాలి గంటల తరబడి నీటిని ఒడ్డువైపు నెట్టి, కుప్పపోసి, సముద్ర మట్టాన్నే పైకి లేపుతుంది. అలకు సెకన్లలో లెక్క. ఉప్పెనకు గంటలలో లెక్క. అల వచ్చి వెనుదిరుగుతుంది. ఉప్పెన వచ్చి నిలబడుతుంది. ఇంకొక సంగతి తెలిసి చాలాసేపు లేవలేకపోయాను. వైకీకీలో అలను మెత్తబరచేది లోతు తక్కువ కావడమే. మా తీరంలో ఉప్పెనను అంత ఎత్తుకు లేపినదీ లోతు తక్కువ కావడమే. పలచని నీటిని గాలి తోస్తే అడుగునుండి వెనుకకు పోయే దారి ఉండదు. ఒకే గుణం ఒకచోట కాపాడినది, ఒకచోట చంపినది.

అమరకోశంలో తరంగం, ఊర్మి, వీచి అని మామూలు అలకు పేర్లు చెప్పి, పెద్దవాటికి ఉల్లోలం, కల్లోలం అని వేరే పేర్లు చెప్పారు. వేరువేరు వస్తువులకు వేరువేరు పేర్లుండాలని ఆ పెద్దలకు తెలుసు. చదువుకున్న నాకే తెలియలేదు.

దశమినాటి రాత్రి పట్టిక చూశాను. న్యూజీలాండ్ తూర్పున లేచిన కొత్త తుపాను అలలు ద్వాదశి సాయంత్రానికి చేరతాయని, మరునాటికి బాగా పెరుగుతాయని రాసి ఉన్నది. ఏకాదశినాడు మాత్రం పాత అల తగ్గుముఖం పట్టి ఉంటుంది. గాలి కూడా తగ్గుతుంది. అంటే ఉన్నది ఒకే ఒక్క ఉదయం. ఇక జెల్లీచేపలు లేవు, పెద్ద గాలి లేదు, వాన లేదు. (పెద్ద వాన కురిస్తే అలావాయి కాలువ నీరు సముద్రంలో కలిసి గోధుమరంగుగా మారుతుంది, అప్పుడు నీటిలో దిగవద్దని ఆరోగ్యశాఖవారు హెచ్చరిస్తారు.) వద్దనడానికి కారణం కోసం పట్టికను మూడుసార్లు చదివాను. నాలుగవసారి చదవడానికి సిగ్గేసినది. ఒక కాగితం తీసుకొని ఇలా రాసి అమ్మాయికి ఇచ్చాను.

“ఏకాదశి, ఉదయం. అల దక్షిణంనుండి, ముఖం రెండు నుండి మూడడుగులు, ఆవర్తన కాలం 13 సెకన్లు, తగ్గుతున్నది. గాలి ఈశాన్యంనుండి, గంటకు 10 మైళ్లు. తొమ్మిది గంటలకు నీరు పోటుమీద ఉంటుంది గనుక పగడం కాలికి తగిలే భయం తక్కువ. పడితే తలక్రిందులుగా దూకరాదు. చాప పరచినట్లు వెల్లకిలా పడాలి, పైకి తేలేటప్పుడు చేతులు తలకు అడ్డం పెట్టుకోవాలి. పలక తాడు కాలికి కట్టి ఉండాలి. గురువు ప్రక్కన ఉండాలి. వెళ్లవచ్చును.”

ఆ చివరి మాట రాయడానికి పట్టిన సమయం ముందు వాక్యాలన్నిటికీ పట్టలేదు.

మరునాడు గురువు, నా కంటే కొంచెం చిన్నవాడైన ఒక స్థానికుడు, ముందుగా ఇసుకమీదనే పలక పెట్టి పడుకోవడం, తెడ్డువేసినట్లు చేతులాడించడం, లేవడం చేయించాడు. తరువాత ఇద్దరూ నీటిలోకి వెళ్లారు. కెనూస్ దగ్గరకు చేరేసరికి మనుమరాలు ఒక చుక్క అయినది. పసుపురంగు చొక్కా గనుక గుర్తు పట్టగలిగాను. మొదటి అలకు పడినది. రెండవదానికీ పడినది. నేను 13 అంకెలు లెక్కపెట్టేసరికి ప్రతిసారీ తరువాతి అల వస్తున్నది. లెక్క సరిపోతుంటే గుండె దడ కొంచెం తగ్గుతున్నది. అయిదవసారో ఆరవసారో పసుపుచుక్క లేచి నిలబడి, ఒడ్డువైపు జారుతూ వచ్చి, మెల్లగా కూర్చున్నట్లు నీటిలో పడినది. మా ఆవిడ చప్పట్లు కొట్టినది. నేను నీటి అంచునుండి నాలుగడుగులు లోపలికి, మోకాలిలోతుదాకా వెళ్లి ఉన్నానని అప్పుడు గమనించాను. పంచె తడిసిపోయినది.

మోకాలు కొద్దిగా గీసుకుపోయి వచ్చినది మనుమరాలు. పగడపు గీత త్వరగా చీము పడుతుందని చదివాను గనుక మంచినీటితో కడిగి మందు రాశాను.

“తాతయ్యా, రేపు కూడా వెళ్లవచ్చా?” అన్నది.

“రేపు ఉదయం గాలి పెరుగుతుంది, సాయంత్రం పెద్ద అలలు వస్తాయి. వద్దు,” అన్నాను.

“భయపడి వద్దంటున్నారా, చూసి వద్దంటున్నారా?” అని నవ్వినది. వాళ్లమ్మ దగ్గర విన్నమాట.

“చూసి,” అన్నాను. ఆ రోజు అది నిజం.

చివరగా మిత్రులకు ఒక మనవి. దూరపు తుపానులో పుట్టి, ఆ గాలి పోయిన తరువాత కూడా ఒంటరిగా నడిచి వచ్చే ఈ అలను ఆంగ్లంలో స్వెల్ అంటారు. ‘దూరతరంగం’ అని నేను అనుకుంటున్నాను గాని, సంతృప్తి లేదు. మన బెస్తవారికి తప్పక ఒక అచ్చతెలుగు మాట ఉండి ఉంటుంది. తీరప్రాంతపు మిత్రులెవరైనా విని ఉంటే తెలుపగలరు. ఈ వయసులో నేను మొదట నేర్చుకోవలసిన మాట అదే అనిపిస్తున్నది.