సఫా మర్వాల నడుమ చిట్టి అడుగులు

ఉమ్రా యాత్రకు పసిపిల్లలను వెంట తీసుకుని వెళ్ళే కుటుంబాలు నేడు మన ప్రాంతంలో ఎన్నో కనిపిస్తున్నాయి. ఇది కొత్త సంగతి కాదు. ఒక ప్రయాణంలో ఒక స్త్రీ తన బిడ్డను పైకెత్తి చూపించి, ఈ పసివానికీ హజ్ ఉన్నదా అని అడిగినప్పుడు, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఉన్నదని చెప్పి, దాని పుణ్యం ఆమెకూ లభిస్తుందని శుభవార్త వినిపించారు. ఆ శుభవార్తను మనసులో ఉంచుకునే మేమూ ఏడేళ్ళ అమ్మాయిని, నాలుగేళ్ళ అబ్బాయిని తీసుకుని శంషాబాదులో విమానం ఎక్కాము. లక్షలాది మంది కదిలే ఆ పవిత్ర స్థలంలో పిల్లల చెయ్యి జారితే ఏం చేయాలన్న ఆలోచన కూడా మా సామానుతోపాటే ప్రయాణం చేసింది.

జిద్దా నుండి మక్కాకు వెళ్ళే దారిలో, నగరం ఇంకా దూరంగా ఉండగానే గడియారపు గోపురం కనిపిస్తుంది. 601 మీటర్ల ఎత్తయిన ఆ కట్టడం యాత్రికులందరికీ ఆనవాలు. తప్పిపోతే గడియారం కింద కలుద్దామని పెద్దలు ఒకరికొకరు చెప్పుకుంటారు. అయితే ఆ గోపురానికి నాలుగు వైపులా గడియారాలే. ఎటునుంచి చూసినా అది ఒకేలా కనిపిస్తుంది. దాని కింద హోటళ్ళూ, అంగళ్ళూ, వేలాది మంది జనమూ. పెద్దలకు దారి చూపే ఆ గుర్తు పసిపిల్లలకు చిరునామా కాజాలదు.

మస్జిదె హరామ్ ద్వారాలకు మాత్రం నెంబర్లు ఉన్నాయి. గడియారపు గోపురానికి ఎదురుగా ఉన్న కింగ్ అబ్దుల్ అజీజ్ ద్వారం 1వ నెంబరు, కింగ్ ఫహద్ ద్వారం 79వ నెంబరు. మేము బస చేసిన చోటికి అనువైనది 79. లోపలికి వెళ్ళిన ప్రతిసారీ, బయటికి వచ్చిన ప్రతిసారీ ఎన్నవ తలుపని పిల్లలను అడిగేవాళ్ళం. రెండో రోజుకే నాలుగేళ్ళవాడు కూడా ఆ అంకెను పాటలా అప్పజెప్పసాగాడు.

పిల్లల కంటితో హరమ్

లోపల అడుగుపెట్టి కాబా గృహాన్ని చూసిన క్షణంలో పెద్దల కళ్ళు చెమ్మగిల్లుతాయి, చేతులు దుఆకై లేస్తాయి. సరిగ్గా ఆ క్షణంలోనే పిల్లవాని చెయ్యి వదిలిపోతుంది. ఆ జనంలో వానికి ఏమి కనిపిస్తుందో ఒకసారి వంగి చూడాలి. మగవారందరూ తెల్లని ఇహ్రామ్ వస్త్రాలలో ఉంటారు, స్త్రీలలో చాలామంది నల్లని బురఖాలలో ఉంటారు. రాజూ పేదా తేడా లేకుండా అందరినీ ఒక్కటి చేసే ఆ దుస్తులే పసివానికి తన తల్లినీ తండ్రినీ పోల్చుకోనివ్వవు. వాని ఎత్తుకు ముఖాలు కనిపించవు, నడిచే కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. అందుచేత వాడు మనలను వెతకడం కాక, మనమే వానిని వెతకగలిగేలా చూసుకోవాలి. ఇహ్రామ్‌లో లేని పిల్లలకు దూరం నుండి కంటికి ఆనే రంగు దుస్తులు తొడగడం, బస నుండి బయలుదేరేముందు ఆ దుస్తులలోనే ఫోనులో ఒక ఫొటో తీసుకోవడం మేలు.

పిల్లల మణికట్టుకు ఫోన్ నెంబరు రాసిన పట్టీ కట్టే ఏర్పాటు హరమ్‌లో ఉచితంగా ఉన్నది. దానిపై మన ఊరి పది అంకెల నెంబరు మాత్రమే రాయిస్తే అక్కడి ఫోను నుండి అది కలవదు. ముందు 91 చేర్చాలి, లేదా అక్కడ తీసుకున్న సిమ్ నెంబరు రాయించాలి. హోటల్ కార్డు ఒకటి పిల్లల జేబులో ఉంచాలి. అన్నిటికంటే ముందు, తల్లిదండ్రుల అసలు పేర్లు పిల్లలకు నేర్పాలి. మీ నాన్న పేరేమిటని అడిగితే అబ్బా అని, అమ్మ పేరేమిటని అడిగితే అమ్మీ అని చెప్పే పిల్లలే మన ఇళ్ళలో ఎక్కువ.

ఆకుపచ్చ దీపాల చోటు

సయీ చేసే చోట మాకు ఈ విషయం మరింత లోతుగా అర్థమైంది. ఆ నడక పుట్టిందే ఒక తల్లి ఆరాటం నుండి. నిర్జన లోయలో పాలుతాగే ఇస్మాయీల్ (అలైహిస్సలామ్)తో ఒంటరిగా మిగిలిన హజ్రత్ హాజిరా, ఇది అల్లాహ్ ఆజ్ఞ అని తెలుసుకున్నాక, ఆయన తమను వదిలివేయడన్న దృఢ విశ్వాసంతో నిలిచారు. నీళ్ళు నిండుకున్నప్పుడు మాత్రం చేతులు కట్టుకుని కూర్చోలేదు. సఫా నుండి మర్వాకు, మర్వా నుండి సఫాకు ఏడుసార్లు తిరిగారు. లోయ పల్లంలోకి దిగినప్పుడు బిడ్డ కంటికి కనిపించక ఆమె పరుగెత్తారని పెద్దలు వివరిస్తారు. ఆ భాగాన్నే నేడు ఆకుపచ్చ దీపాలతో గుర్తించారు. పురుషులు అక్కడ వేగంగా నడుస్తారు. అంటే, ఒక తల్లికి తన బిడ్డ కనుమరుగైన ఆ కొద్ది దూరాన్ని ముస్లిం సమాజం నేటికీ నెమరువేసుకుంటూనే ఉన్నదన్నమాట.

ఆ ఘట్టంలో బిడ్డ ఉన్నచోటనే ఉన్నాడు, పరుగెత్తింది తల్లి. పిల్లలకు మేము నేర్పిన మొదటి పాఠం ఇదే. మేము కనిపించకపోతే మీరు వెతుక్కుంటూ వెళ్ళకండి, పక్కనున్న గోడకో స్తంభానికో ఆనుకుని నిలబడండి, మేమే వస్తాము. ఎవరు పిలిచినా ద్వారం దాటి బయటికి పోకండి. సహాయం కావాలంటే యూనిఫాం వేసుకున్నవారినో, పిల్లలతో ఉన్న ఒక అమ్మనో అడగండి.

తవాఫ్‌లో మాత్రం ఈ పాఠం పనికిరాదు. అక్కడ జనం ప్రవాహంలా కదులుతుంటారు, మధ్యలో ఆగితే తొక్కిసలాటకు లోనయ్యే ప్రమాదం ఉన్నది. చిన్నవానిని భుజాన ఎత్తుకోవాలి, రద్దీ ఎక్కువైతే పై అంతస్తులో తవాఫ్ చేయాలి. సయీ ఏడు విడతలూ కలిపి సుమారు 3 కిలోమీటర్లు. నాలుగో విడతకే పిల్లల కాళ్ళు అలసిపోతాయి, పట్టుకున్న వేళ్ళు సడలుతాయి. అప్పుడు ఒక పక్కన కూర్చుని జమ్‌జమ్ తాగించి మళ్ళీ నడవడంలో తప్పేమీ లేదు.

నమాజు వేళ మరొక చిక్కు వస్తుంది. స్త్రీల వరుసలు, పురుషుల వరుసలు వేరవుతాయి. కొడుకు తండ్రి దగ్గర ఉన్నాడని తల్లి అనుకుంటుంది, తల్లి దగ్గర ఉన్నాడని తండ్రి అనుకుంటాడు. వాడు ఇద్దరి దగ్గరా ఉండడు. మేము దీనికి ఒక నియమం పెట్టుకున్నాము. పిల్లవానిని అప్పగించేవారు ఇదిగో అమానత్ అనాలి, తీసుకునేవారు నా దగ్గర ఉన్నాడని నోటితో చెప్పాలి. సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతే కదా!

ఒక రాత్రి ఇషా తరువాత మర్వా వైపు అయిదారేళ్ళ పిల్లవాడొకడు స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉండగా చూశాము. ఏడుస్తున్నాడు, కానీ కదలడం లేదు. ఒక పనివాడు వాని చేతికి నీళ్ళ గ్లాసు ఇచ్చి, మణికట్టు మీది నెంబరు చూసి ఫోను చేశాడు. కాసేపటికి తల్లి పరుగున వచ్చి బిడ్డను గుండెలకు హత్తుకుంది. వారిది ఏ దేశమో, ఏ భాషో మాకు తెలియలేదు. యుద్ధఖైదీలలో తన బిడ్డ కోసం వెతికి, దొరకగానే అక్కున చేర్చుకున్న ఒక తల్లిని చూపిస్తూ, ఈమె కంటే అల్లాహ్ తన దాసుల పట్ల ఎక్కువ దయగలవాడని దైవప్రవక్త (స) బోధించిన హదీసు మాకు అప్పుడు గుర్తుకొచ్చింది.

బిడ్డ కనిపించకుండా పోతే ఇద్దరూ చెరోవైపు పరుగెత్తకూడదు. చివరిసారి చూసిన చోట ఒకరు నిలవాలి, మరొకరు వెతకాలి. సొంతంగా గంటసేపు తిరిగాక కాదు, వెంటనే అక్కడి భద్రతా సిబ్బందికి ఫొటో చూపించాలి. మక్కా ప్రాంతంలో అత్యవసర సహాయానికి 911 నెంబరు ఉన్నది. దొరికిన పిల్లవానిని తిట్టకూడదు, కొట్టకూడదు. ఉన్నచోట నిలబడినందుకు మెచ్చుకోవాలి.

ఇవన్నీ మక్కాకే పరిమితం కావు. రమజాన్ రాత్రులలో చార్మినార్ చుట్టూ, పండుగనాడు ఈద్గాహ్ మైదానంలో మన పిల్లలు ఇదే ఎత్తు నుండి ఇదే జనాన్ని చూస్తారు. చార్మినార్‌కూ నాలుగు ముఖాలే, నాలుగూ ఒకేలా ఉంటాయి. అక్కడ కూడా పేరున్న ఒక అంగడినో, మస్జిదు గేటునో గుర్తుగా చూపించాలి. మన దేశంలో పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112 నెంబర్లు ప్రతి తల్లి, ప్రతి తండ్రి ఫోనులో ఉండాలి.

హజ్రత్ మూసా (అలైహిస్సలామ్) తల్లి అల్లాహ్ ఆదేశంపై తన పసికందును నీటిలో విడిచింది. బిడ్డను తిరిగి చేరుస్తానన్న వాగ్దానం ఆమెకు ఉన్నది. అయినా కూతురిని పిలిచి, తమ్ముణ్ణి దూరం నుండి కనిపెట్టి ఉండమని పంపింది. ఆమె తవక్కుల్‌కు ఆ కాపలా కళ్ళు అడ్డు రాలేదు. మనం కూడా పిల్లలను అల్లాహ్‌కు అప్పగిస్తూ దుఆ చేద్దాం, దుఆ ముగిసేదాకా వారి చెయ్యి మాత్రం వదలకుండా ఉందాం. అల్లాహ్ మన సంతానాన్ని తన రక్షణలో ఉంచుగాక! ఆమీన్.