రాజన్న ఊళ్ళో చిన్న డాక్టరమ్మ

కరీంనగరంలో బస్సెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా వేములవాడలో దిగుతాం. రాజరాజేశ్వరస్వామి అని పూర్తి పేరు పలికేది మనబోటి పైఊరి వాళ్ళమే. ఇక్కడి జనానికి ఆయన రాజన్న. ఇంటికి పెద్దన్న వంటివాడు. ధర్మగుండంలో స్నానం చేసి, కోడెను పట్టుకొని ప్రదక్షిణం చేసి, దాన్ని కట్టివేసి మొక్కు తీర్చుకోవటం ఈ క్షేత్రపు ఆచారం. ఆ మొక్కుల్లో సంతానం కోసం మొక్కుకున్నవి ఎన్నో!

తెలుగు చదువుకున్నవారికి ఈ ఊరు మరో విధంగానూ పుణ్యక్షేత్రమే. పదో శతాబ్దిలో ఇది చాళుక్యరాజు రెండవ అరికేసరికి రాజధాని. కన్నడ ఆదికవి పంపడు విక్రమార్జున విజయం రచించింది ఆయన ఆస్థానంలోనే. పంపని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల గుట్ట మీద వేయించిన శాసనంలో సంస్కృత కన్నడాలతో పాటు మూడు తెలుగు కందపద్యాలు కూడా ఉన్నాయి. చుట్టుపక్కల వారి భాషలో కూడా ఒక మాట చెప్పాలన్న ఇంగితం ఈ నేలమీద ఆనాడే ఉన్నదన్నమాట.

ఆ ఇంగితం గల అమ్మాయిని ఒకతెను ఈమధ్య వేములవాడ చేరువ పల్లెలో చూశాను. ఇంటర్‌లో నా దగ్గర తెలుగు చదివింది; ఇప్పుడు వైద్యవిద్యలో రెండో ఏడు. పూర్వం డాక్టరీ విద్యార్థి మొదట చూచేది శవాన్ని, ఆ తరువాత ఆసుపత్రిలో రోగిని. జాతీయ వైద్య కమిషన్ 2022లో కొత్త పద్ధతి పెట్టింది. మొదటి ఏటి నుంచే ప్రతి విద్యార్థీ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని, వారి మంచిచెడ్డలు కనిపెట్టి ఉండాలి. మా అమ్మాయి తన జట్టుకు పెద్ద. నలుగురు తోటి పిల్లలను, ఊరి ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరుగుతున్నది.

ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఒడిలో చేట, చేటలో తునికాకు, పొగాకు. బీడీల లెక్క పూర్తికానిదే చేయి ఆగదు. అందుకని మా డాక్టరమ్మ వాళ్ళ పక్కనే కూర్చొని, వీలు చూసుకొని బి.పి. పట్టీ కడుతుంది. ‘హీమోగ్లోబిన్’ అనదు, ‘ఒంట్లో రక్తం తక్కువున్నది’ అంటుంది. మాత్రల అట్టమీద పేరూ, మళ్ళీ పరీక్షకు పోవలసిన తేదీ చదవటం కోడళ్ళకు నేర్పుతుంది. ఇదీ ఒక బడే.

ఒక ఇంట్లో కోడలికి నెలలు నిండాయి. అత్తగారు మురిపెంగా చెప్పింది:

“అయ్యగారు గడియ పెట్టిండు బిడ్డా. గురువారం పొద్దుగాల తొమ్మిదింటికి పుడితె మహారాజయితడట. ఆపరేషన్ చేపిస్తం.”

ఇది ఆ ఒక్క ఇంటి ముచ్చట కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు కోతతో జరిగితే, తెలంగాణలో 60.7, కరీంనగర్ జిల్లాలో 82.4! ఒక ప్రాంతంలో కోతలు నూటికి 10 దాటిన తరువాత, ఇంకా పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గుతాయన్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ముహూర్తాలొక్కటే ఇందుకు కారణం కాదు. నొప్పులంటే భయం, మొదటి కాన్పుకు కోత పడితే రెండోదానికీ అదేనన్న అలవాటు, ప్రైవేటు ఆసుపత్రుల తొందర—అన్నీ కలిశాయి.

ఈ అంకెలేవీ ఆ అమ్మాయి అక్కడ ఎత్తలేదు.

“అవ్వా, నువ్వెంతమందిని కన్నవు?”

“అయిదుగురిని.”

“వాళ్ళకు గడియ ఎవరు పెట్టిండ్రు?”

అవ్వ ఫక్కున నవ్వింది. “ఇంకెవరు? రాజన్ననే పెట్టిండు.”

“మరి నీ మనుమనికి గూడ రాజన్ననే పెట్టనియ్యరాదే?”

పక్కింటి వాళ్ళూ నవ్వారు. చేటలో చేయి ఒక్క క్షణం ఆగింది. అప్పుడు ఆ పిల్ల కోడలివైపు తిరిగి మెల్లగా చెప్పింది: “అక్కా, రక్తం పోయినా, తలనొప్పితో కండ్లు మసకలైనా, కడుపుల బిడ్డ కదలకున్నా గడియ చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యుండ్రి. అవసరమని పెద్ద డాక్టరంటే ఆపరేషన్‌కు ఎనకకు పోవద్దు. అవసరం లేకుంటే మాత్రం తొందరపడొద్దు.”

అవ్వ అవుననలేదు, కాదనలేదు. “మా పెద్దోడు రానీ, అడుగుతం” అన్నది. బయటికి వచ్చాక, ఒప్పుకొంటారంటావా అని అడిగాను. “తెలియదు సార్. బుధవారం మళ్ళీ వస్తాను” అన్నది.

పంతొమ్మిదేళ్ళ పిల్ల, అయిదు కాన్పులు చూసిన అవ్వకు ఎదురు చెప్పకుండా తన మాట చెప్పి వచ్చింది. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ విద్య నేను చూడలేదు.

రాజన్న దర్శనానికి వచ్చే కుటుంబాలు మొక్కులు తీర్చుకోవలసిందే. కాని ఇంట్లో నెలలు నిండిన ఆడపిల్ల ఉంటే, తేదీ ఖాయం చేసుకునే ముందు డాక్టరుగారిని ఒక్క ప్రశ్న అడగండి: “అయ్యా, ఈ కోత ఎందుకు?” సరైన కారణం ఉంటే వారే చెబుతారు.