చుక్క కుదురుగా నిలవాలంటే

చీకటి పడ్డాక డాబా మీద బట్టలు తీసేటప్పుడు మీరెప్పుడైనా ఒక చుక్కను గుర్తు పెట్టుకుని చూసేరా? కొబ్బరాకు చివర కనిపించిన చుక్క, బట్టలు మడతలు పెట్టేసరికి ఆకు దాటి పోయుంటుంది. నడిచింది చుక్క కాదు, తిరిగింది మనం. భూమి ఒక చుట్టు తిరగడానికి 24 గంటలని బళ్లో చదువుకున్నాం గానీ, చుక్కల లెక్కన చూస్తే 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లే. మామూలుగా చూసే మనకి ఆ లెక్కతో పని లేదు. చుక్కలకి ఫొటో తీసేవాళ్లకే దానితో తంటా అంతా.

ఎందుకంటే ఆకాశంలో వెలుగు బహు తక్కువ. పెళ్లి ఫొటోలా టక్కుమని తీస్తే ఏమీ పడదు. కెమెరా కన్ను నిమిషాల తరబడి తెరిచి ఉంచాలి. ఈలోగా భూమి తిరిగిపోతుంది, చుక్క కాస్తా గీతయి కూర్చుంటుంది. అందుకని టెలిస్కోపును మోస్తూ, భూమి తిరిగే వేగంతోనే వెనక్కి తిప్పే యంత్రం ఒకటి ఉంటుంది. దాన్ని మౌంటు అంటారు. టెలిస్కోపు ఎంత మంచిదైనా మౌంటు సరిగా నడవకపోతే పొయ్యి వెలగని వంటిల్లే. ఇదంతా నాకెలా తెలుసంటారా? ఇంటర్ ఆర్ట్స్ చదివినదాన్ని, పుస్తకాల్లో చదివి కాదు. మా పెద్దాడి పుణ్యమా అని గత శీతాకాలం మూడు నెలలు ఆ మౌంటుతో కాపరం చేసేను.

వాడికీ పిచ్చి ఎక్కడ పట్టుకుందో చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు వాడు ఎనిమిదో తరగతి, దసరా సెలవులకి ఉద్దానంలో మా అమ్మ దగ్గరున్నాడు. కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలమట్టమయ్యేయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్యాను లేక అందరూ అరుగు మీదే పడుకునేవారట. అమావాస్య దాటి రెండు మూడు రోజులే, వెన్నెల లేదు. ఊరంతా చీకటి. మబ్బులు విడిచిన ఓ రాత్రి మా అమ్మ వాడిని లేపి, తూర్పున లేస్తున్న గొల్లకావిడిని చూపించింది. వరసగా మూడు చుక్కలు. వాటి కింద మసక మసగ్గా ఒక మచ్చ. “అదేటి అమ్మమ్మా?” అంటే, “మబ్బు తునకేమోరా, నా సిన్నప్పట్నుంచీ అక్కడే ఉంది” అందట. పడిపోయిన చెట్ల మధ్య కూచుని మా అమ్మ ఆ మాట అనగలిగిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ మచ్చ మబ్బు కాదు. కొత్త చుక్కలు పుట్టే ధూళి మేఘం. ఒరాయన్ నెబ్యులా అంటారు. అక్కణ్ణించి వెలుగు మన దాకా రావడానికి 1,300 ఏళ్ల పైనే పడుతుంది. దాని బొమ్మ తీసి చూపిస్తానని మావాడు అప్పుడే వాళ్ల అమ్మమ్మకి మాటిచ్చేడు.

ఇప్పుడు మా అమ్మకి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఆ మాట కొత్త కాదు. వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటుంది. ఫోన్ చేసినప్పుడల్లా, “ఏటిరా గుంటా, నీ సుక్కల బొమ్మ ఎంతవరకొచ్చింది?” అని నవ్వుతూనే అడిగేది. అందుకే నా చీటీ పాడుకున్న 60 వేలు వాడి చేతిలో పెట్టేను. “ఆ డబ్బుకి సెకండ్ హ్యాండు మోటారు సైకిలొచ్చును” అని మా వారు ఒక్క మాట అని ఊరుకున్నారు. వాడిచ్చిందీ సెకండ్ హ్యాండుకే, మౌంటుకి. టెలిస్కోపు అంతకు ముందే ట్యూషన్లు చెప్పుకుని కొనుక్కున్నాడు.

అక్కణ్ణించి మొదలు. చీపురుపల్లి దగ్గర మా ఇల్లు, ఊరి చివర. డాబా మీద పెట్టి తీస్తే, చుక్కలన్నీ జీలకర్ర గింజల్లా పొడుగ్గా పడుతున్నాయి. నెలన్నర తిప్పలు పడి, “అమ్మా, దీన్ని అమ్మేసి ఇంకో 60 వేలేసి కొత్తది కొనాలి” అన్నాడు. ముందు జబ్బేమిటో తేలాలి, ఆ తర్వాతే మందు అన్నాను. కుట్టుమిషను బాగుచేసుకోవడం తెలిసిన ఆడది ఎవరైనా అదే అంటుంది. దారం తెగుతోందని మిషను మార్చేస్తామా? సూది చూస్తాం, బిగువు చూస్తాం, బాబిన్ తీసి చూస్తాం. అదీ ఒక్కోసారి ఒక్కటే మారుస్తాం. అన్నీ ఒకేసారి కదిపితే ఏది కుదిర్చిందో, ఏది చెడగొట్టిందో తెలీదు.

ముందు గీత ఎలా ఉందో చూడాలి. ఫొటోలో చుక్కలన్నీ ఒకే వైపు సాగితే నడకలో తప్పు. ఒక చుక్క చుట్టూ మిగతావన్నీ ముగ్గు తిప్పినట్టు వంపు తిరిగితే, మౌంటు ధ్రువానికి సరిగా గురిపెట్టలేదన్నమాట. ఒక్కో చుక్కా జంటగా పడితే ఎవరో డాబా మీద నడిచేరనో, గాలి తోసిందనో అనుకోవాలి. మధ్యలో బాగుండి మూలలే చెడితే అది అద్దాల గొడవ, మౌంటు జోలికి పోనక్కర్లేదు.

మావాడి ఫొటోల్లో కొన్ని బాగా వచ్చేవి, కొన్ని చెడిపోయేవి. వాడు చెడ్డవి చెరిపేసేవాడు. చెరపకు అన్నాను. పాల లెక్క పుస్తకం వెనక పేజీలో ఒక్కో ఫొటో నంబరు వేసి, బాగుంటే సున్నా, సాగితే గీత పెట్టుకుంటూ పోయేను. ఫొటోకి 30 సెకన్లు, మధ్యలో మూడు సెకన్లు విరామం. 100 ఫొటోలు అయ్యేసరికి కనబడింది చూడండి! ప్రతి 18 ఫొటోలకీ అదే వరస తిరిగొస్తోంది. అంటే పది నిమిషాలకి ఒకసారి. వాడు లెక్కవేసి ఎగిరి గంతేసేడు. మౌంటు లోపల 144 పళ్ల చక్రం ఉంది. దాన్ని తిప్పే మరచుట్ల కడ్డీ దాదాపు పది నిమిషాలకి ఒక చుట్టు తిరుగుతుందట. ఆ కడ్డీలో వెంట్రుకవాసి వంకరున్నా, పది నిమిషాలకోసారి చుక్క ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ప్రతి మౌంటులోనూ ఎంతో కొంత ఉండేదే. వస్తువు చెడిపోలేదు, దాని స్వభావమే అంత.

దానికన్నా ముందు ధ్రువం సంగతి తేలాలి. ధ్రువ నక్షత్రం మనకి ఎంత ఎత్తున కనిపిస్తుందనుకున్నారు? మన అక్షాంశం ఎంతో అంత. మా వైపు 18 డిగ్రీలు. చెయ్యి చాపి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్ల లోపే. శ్రీనగర్ వాళ్లకి 34 డిగ్రీల ఎత్తున హాయిగా దొరుకుతుంది. మాకు సముద్రపు తేమలో, దుమ్ములో, పొరుగింటి నీళ్ల ట్యాంకు వెనకాల దాక్కుంటుంది. పైగా అసలు ధ్రువం సరిగ్గా ఆ చుక్క దగ్గర లేదు, నిండు చందమామ వెడల్పు కన్నా ఇంకొంచెం పక్కకుంది. కనబడనప్పుడు ఇంకో దారుంది. దక్షిణం వైపు నడినెత్తికి కాస్త కిందుగా ఉన్న చుక్కను పట్టుకుని అయిదు నిమిషాలు చూడాలి. అది ఉత్తరానికో దక్షిణానికో జారితే మౌంటును పక్కకి తిప్పే మరలు కొంచెం కదపాలి. జారడం ఎక్కువైతే ఎదురు దిక్కుకి తిప్పాలి. తర్వాత తూర్పున కిందుగా ఉన్న చుక్కతో అదే పని చేసి, పైకీ కిందకీ లేపే మర సరిచేయాలి. రెండు గంటలు పట్టింది. ఆ చలిలో వాడికి చోడి అంబలి కాచి పట్టుకెళ్తుంటే పక్కింటి అప్ప, “అర్ధరాత్రి డాబా మీద ఏటి పనమ్మా మీకు?” అంది. చుక్క జారిపోతోందప్పా అన్నాను. ఆవిడేమనుకుందో ఏమో, మర్నాడు విబూది పంపించింది.

బరువు కూడా చూసుకోవాలి. విజయనగరంలో దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. అంత పొడుగు మాను కొసన పూజారిగారు కూచుంటే, రెండో కొసన దానికి తగ్గ బరువుంటేనే అది కుదురుగా నిలుస్తుంది. మౌంటు కూడా అంతే. అయితే చుక్కల పనిలో తూర్పు వైపు పిసరంత బరువు ఎక్కువ ఉంచుతారు. అప్పుడు పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి వదలకుండా ఆనుకునుంటాయి.

ఇంక గైడింగు. దీని వెనక మన తెలుగు గడ్డ మీదే పెద్ద కథ ఉంది. విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావుగారు 1840లోనే సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టేరు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఇంగ్లండు నుంచి ఆరంగుళాల టెలిస్కోపు తెప్పించి, 1874 డిసెంబరు 9న సూర్యుడి మీదుగా శుక్రగ్రహం దాటడం చూసేరు. తర్వాత హైదరాబాదు నిజామియా నక్షత్రశాల ఎన్నో దేశాలు కలిసి తలపెట్టిన ఆకాశ పటంలో పాలు పంచుకుంది. ఆ రోజుల్లో కెమెరా టెలిస్కోపుకి జంటగా ఇంకో టెలిస్కోపు ఉండేది. ఫొటో పడుతున్నంతసేపూ ఒక మనిషి దానికి కన్ను ఆనించి, చుక్క గీత తప్పితే చేత్తో మర తిప్పి సరిచేస్తూ కూచోవాలి. (ఆ పటం కోసమే వాటికన్‌లో 1910 నుంచి 1921 దాకా నలుగురు సన్యాసినులు లక్షల చుక్కలను ఫొటో పలకల మీద కొలిచేరు. ఆడవాళ్ల ఓపిక ఎక్కడైనా ఒకటే.)

ఇప్పుడా కన్ను పని చిన్న కెమెరా చేస్తుంది. పెద్ద టెలిస్కోపు వీపున చిన్న టెలిస్కోపు, దానికా కెమెరా. లాప్‌టాప్‌లో పీహెచ్‌డీ2 అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం. అది ఒక చుక్కను పట్టుకుని, జరిగినప్పుడల్లా మౌంటుని సర్దుతుంది. ఆ సర్దుబాటంతా తెర మీద గుండె పరీక్ష కాగితంలా గీతలుగా వస్తుంది. మావాడు అర సెకనుకోసారి సర్దమని పెట్టేడు. గీతలు తాటిచెట్టంత లేచేయి. పగలంతా ఎండిన డాబా రాత్రి వేడి వదుల్తుంటే చుక్క మినుకుమంటూ ఊగుతుంది కదా, ఆ ఊగుడుకల్లా మౌంటు పరుగు పెడుతోందన్నమాట. మాటమాటకీ తప్పుపట్టే అత్తగారి దగ్గర కోడలు తడబడదూ? మూడు సెకన్లకి మార్చి, సర్దే జోరు కూడా తగ్గించేడు. డిగ్రీలో 3,600వ వంతును ఆర్క్ సెకను అంటారు. మూడు ఆర్క్ సెకన్లున్న ఊగుడు 1.2కి దిగింది.

గీత చదునుగా ఉంది. ఫొటోలో చుక్క మాత్రం ఇంకా పొడుగే! వాడు నేల మీద చతికిలబడ్డాడు. నాకు మాత్రం ఇది తెలిసిన జబ్బులా అనిపించింది. సూది తిన్నగానే దిగుతున్నా కింద బట్ట జారితే కుట్టు వంకరొస్తుంది. చిన్న టెలిస్కోపు చెప్పేది నిజమే, కానీ అది చెప్పేది తన సంగతి. పెద్దదాని సంగతి వేరై ఉండాలి. రెండూ కలిసి కదలడం లేదేమో చూడరా అన్నాను. చిన్నదాన్ని పట్టుకుని వేలితో నొక్కి చూసేడు. కదిలింది! దాన్ని పట్టుంచే మరల కొసలకి ప్లాస్టిక్ తొడుగులున్నాయి. టెలిస్కోపు వాలేకొద్దీ అవి నొక్కుకుపోతున్నాయి. గరివిడిలో లేత్ పని చేసే ఆయన 350 రూపాయలకి ఇనప పట్టీ చేసి, చిన్నదాన్ని పెద్దదానికి కదలకుండా బిగించి ఇచ్చేరు. వేలాడే వైర్లన్నీ నా పాత చీర పేలికలతో కట్టేను. లేకపోతే మౌంటు తిరిగేటప్పుడు ఎక్కడో తగులుకుని లాగుతాయి.

జనవరిలో ఒక అమావాస్య ముందు రాత్రి, మూడేసి నిమిషాల ఫొటోలు 40 తీసేడు. చుక్కలన్నీ ఆవగింజల్లా గుండ్రంగా పడ్డాయి. మధ్యలో గులాబీ రంగు మేఘం, రెక్కలు విప్పిన పక్షిలా. అన్నీ కలిపి ఒక బొమ్మగా చేసి, పెద్ద సైజులో ప్రింటు తీయించి పలాస పట్టుకెళ్లేం. డయాలసిస్ మంచం మీద పడుకునే మా అమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది. “ఇంత రంగుందేటిరా దానికి? నానూ మబ్బే అనుకున్నాను” అంది. పక్క మంచం ఆవిడకి చూపించింది. అటు పక్కావిడకీ చూపించమంది. నర్సమ్మ వచ్చి చెయ్యి కదపొద్దని కసిరితే గానీ ఇవ్వలేదు.

మౌంటులో ఇంకో లోపం మిగిలే ఉంది. పైకీ కిందకీ తిప్పే చక్రంలో కాస్త లూజుంది. దిశ మార్చినప్పుడల్లా ఓ క్షణం ఆగి కదులుతుంది. ఒక వైపుకే సర్దమని ప్రోగ్రాంకి చెప్పి ప్రస్తుతానికి నెట్టుకొస్తున్నాం. వానాకాలంలో ఎటూ ఆకాశం కనబడదు. అప్పుడు విప్పి, పాత గ్రీజు తుడిచి, కొత్తది పట్టించి బిగిద్దామని వాడంటున్నాడు. మరలు తీసిన వరసలో పెట్టుకోడానికి నా పోపుల డబ్బా కావాలట. ఏడు గిన్నెలున్నాయి కదా అని. ఇంకోటి కొనుక్కోమన్నాను.