ఎవరికీ తెలియని జలపాతం అని మేమే రాశాం

కొంచెం పెద్దగానే రాస్తున్నాం, ఓపిక చేసుకుని చదవండి. మేము ఐదుగురం, ఒకే ఊరివాళ్ళం, పాడేరు వైపు. ముగ్గురం విశాఖలో డిగ్రీ, ఇద్దరం పాలిటెక్నిక్. ఊరి పేరు మాత్రం రాయం. కింద అడగొద్దు, తెలిసినవాళ్ళు చెప్పొద్దు.

రెండేళ్ళ క్రితం దసరా సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఊరి పైన ఉన్న గెడ్డ దగ్గర ఒక వీడియో తీశాం. వానలు అప్పుడే తగ్గాయి, నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. నిమిషం కూడా లేదు ఆ వీడియో. కింద "ఎవరికీ తెలియని జలపాతం" అని రాసి లొకేషన్ పెట్టాం. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. హాస్టల్లో మమ్మల్ని "మీ ఊళ్ళో కరెంటుందా, ఏం తింటారు" అని అడిగేవాళ్ళకి మా ఊరు ఎంత బాగుంటుందో చూపించాలనుకున్నాం, అంతే. మేము తిరిగి విశాఖ చేరిన వారంలోపే చూసినవాళ్ళు లక్ష దాటారు. ఆ రాత్రి రూములో బిర్యానీ తెప్పించుకున్నాం కూడా.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ వీడియో మాలో ఒకరి మామ్మకి చూపించి, కింద రాసింది చదివి వినిపించాం. మామ్మ ఫోన్ వెనక్కి ఇచ్చేసి, "ఎవులికీ తెల్దా? మరి నానెవుల్ని?" అంది. మేము నవ్వాం. మామ్మ నవ్వలేదు. ఆ గెడ్డకి పేరుంది, పై మడుగుకి పేరుంది, పక్కనున్న బండకి కూడా పేరుంది. కాపురానికి వచ్చిన ఏడాది నుంచి మామ్మ అక్కడే చోళ్ళు కడిగింది, అక్కడి నుంచే నీళ్ళు మోసింది.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. లంబసింగిని అందరూ ఆంధ్రా కాశ్మీర్ అంటున్నారు కదా. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి మనిషి కొర్రలా, అంటే కట్టెలా, బిగుసుకుపోతాడని ఆ పేరు. చలి గురించి అక్కడివాళ్ళు ఒక్క మాటలో చెప్పేశారు. మనకి అది చాలలేదు, కాశ్మీర్ కావాల్సి వచ్చింది. అరకు రోడ్డులో నవంబరు, డిసెంబరు నెలల్లో పసుపుపచ్చగా పూసే వలిసెలు కూడా అంతే. అది పూలతోట కాదు, నూనెగింజల పంట. పూత మీద తొక్కితే ఆ మేరకు గింజ ఉండదు. కొందరు రైతులు ఫొటోకి పదో ఇరవయ్యో తీసుకుంటే "దోపిడీ" అని రాసేవాళ్ళని చూశాం. ఒక్క ఫొటో కోసం ఎన్ని మొక్కలు పడిపోతాయో వాళ్ళు లెక్కపెట్టుకోరు.

మేమేదో శుద్ధపూసలం అని కాదు. మా వీడియోకి ముందు ఏడాది మేమూ వంజంగి మేఘాలు చూడ్డానికి వెళ్ళాం. తెల్లవారుజామున మూడింటికి ఎనిమిది బైకులు, స్పీకర్‌లో పాటలు, ఊరి మధ్య నుంచి హారన్లు కొట్టుకుంటూ. ఒక ఇంటి అరుగు మీద పసిబిడ్డని ఎత్తుకుని ఒకామె నిలబడి మమ్మల్నే చూస్తోంది. పాట ఆపుదాం అని మాలో ఒక్కరికీ తట్టలేదు. మన ఆదివాసీ పిల్లలం కదా, మనకేంటి అనుకున్నాం. పైకెళ్ళి సూర్యోదయం చూసి, చిప్స్ ప్యాకెట్లు అక్కడే వదిలేసి దిగాం.

మా ఊరికి జనం మొదట నెలకి నలుగురైదుగురు వచ్చేవారు. తర్వాతి ఏడాది వానాకాలం అయ్యేసరికి ఆదివారం ముప్పై, నలభై బళ్ళు. మొదట్లో అందరికీ సంతోషమే. ఒక అన్న టీ బడ్డీ పెట్టాడు. ఒక పిన్ని చోడి అంబలి అమ్మింది, పట్నంవాళ్ళు రెండేసి గ్లాసులు తాగారు. బొంగు చికెన్ మొదలైంది. ఒక్కో బొంగు ఒక్కసారికే పనికొస్తుంది, వండాక పగలగొట్టేయాలి. ఊరి వెనక వెదురు పొదలో చేతికందే బొంగులన్నీ ఒక్క సీజన్‌లో అయిపోయాయి. బుట్టలు అల్లే తాత ఇప్పుడు పై కొండకి పోవాల్సి వస్తోంది.

అసలు సంగతి నీళ్ళది. మా ఊరికి బోరు లేదు. పై మడుగు నుంచి పైపు వేసిన గ్రావిటీ స్కీమ్ నీళ్ళే కుళాయికి వస్తాయి. వచ్చినవాళ్ళకి కింద దూకే నీళ్ళ కంటే పై మడుగు బాగా నచ్చింది, ఈతకి లోతుగా ఉంటుంది కదా. షాంపూలు, సబ్బులు. ఒక ఆదివారం సాయంత్రం మా ఊరి కుళాయిలో నురగ వచ్చింది. వాళ్ళకి తెలియదు పాపం అనొచ్చు. పైపు కనిపిస్తూనే ఉంది. పైపు ఉందంటే కింద తాగేవాళ్ళున్నారని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఆ తర్వాత నవంబరులో ఒక ఆదివారం. మాలో ఇద్దరం ఊళ్ళోనే ఉన్నాం. మాకు వరసకి వదిన అయ్యే ఆమెకి మధ్యాహ్నం నొప్పులు వచ్చాయి. ఆశా అక్క ఫోన్ చేస్తే ఫీడర్ అంబులెన్స్ బయల్దేరింది. మా ఊరి రోడ్డు ఒక్క బండి పట్టేంతే. ఆ రోజు దానికి రెండు పక్కలా కార్లు, ఓనర్లందరూ పైన జలపాతం దగ్గర. బైక్ అంబులెన్స్ అయినా పక్కన తొట్టి ఉంటుంది కదా, కార్ల మధ్య దూరలేదు. ఆ రోడ్డు పడక ముందు మన వాళ్ళు డోలీలో మోసేవారు. రోడ్డు పడ్డాక మళ్ళీ అదే డోలీ కట్టాం. కిలోమీటరు పైగా, కార్ల మధ్య నుంచి, అద్దాలకి కర్ర తగలకుండా చూసుకుంటూ. పైన ఉన్నవాళ్ళలో ఇద్దరు కుర్రాళ్ళు సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చి భుజం పట్టారు, వాళ్ళ మేలు మర్చిపోం. ఇంకొకాయన మాత్రం డోలీకి అడ్డం నిలబడి ఫోన్‌లో తీసుకున్నాడు. అది కూడా ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది.

వదిన, పాప బాగున్నారు. ఆ రాత్రి మేము వీడియో తీసేశాం. ఏం లాభం, అప్పటికి పదిమంది అదే చోట తీసినవి ఉన్నాయి. "సీక్రెట్ వాటర్‌ఫాల్" అనే పేరుతో మూడు.

మర్నాడు ఊళ్ళో మీటింగ్. దారి మూసేయాలని మేమన్నాం. టీ బడ్డీ అన్న లేచి, "మీరు సదువుకుని ఉద్యోగాలకి ఎల్లిపోతారు. నాను ఎక్కడికి పోవాల? తెచ్చింది మీరు, ఇప్పుడు పొమ్మనేదీ మీరేనా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు.

ఇంకో గొడవ అదే మీటింగ్‌లో బయటపడింది. కింద నుంచి ఒకాయన వచ్చి గెడ్డ పక్క ఎకరంన్నర లీజుకి ఇస్తే టెంట్లు వేస్తానని ఇద్దరు రైతులతో మాట్లాడేశాడట. లా చదివే మా సీనియర్ అన్నకి అప్పటికప్పుడు ఫోన్ చేశాం. అన్న చెప్పింది ఇక్కడ అందరికీ పనికొస్తుందని రాస్తున్నాం. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో సవరించారు, మనం 1/70 అనేది అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు, లీజు కూడా బదలాయింపే. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదంది. ఆ కేసు మొదలైంది ఎక్కడో కాదు, అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో, గనుల లీజుల మీద. బొర్రా గుహలు చూసి లైట్లు భలే ఉన్నాయని వచ్చే మనలో ఎంతమందికి ఆ ఊళ్ళ పోరాటం తెలుసు? మాకు తెలియదు, అన్న చెప్పేవరకు. ఇక 1996 పీసా చట్టం ప్రకారం గ్రామసభకి మాట ఉంది. లీజు సంగతి ఆ రాత్రికే ఆగింది.

అన్న ఇంకో మాట కూడా చెప్పాడు. ఉత్తర సిక్కింలో లాచెన్ అనే ఊళ్ళో జుమ్సా అని సంప్రదాయ ఊరిసభ ఉంది. వాళ్ళు 2012లో సీసా నీళ్ళు ఊళ్ళోకి రాకుండా నిషేధించారు. నాగాలాండ్‌లో ఖొనోమా వాళ్ళు 1998లో తమ అడవిలో వేట ఆపుకుని, ఇప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళ దగ్గర రుసుము తీసుకుని, తమ ఇళ్ళల్లోనే ఉంచుకుంటున్నారు. దారి మూయలేదు, నియమం పెట్టారు. ఇది విన్నాక టీ బడ్డీ అన్న కూర్చున్నాడు.

నియమం ఎలా పెట్టాలో మాకు సిక్కిం నుంచి నేర్చుకోవాల్సిన పని లేకపోయింది. ఇటుకల పండగకి మన ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టి, డబ్బులిస్తేనే బండి వదులుతారు కదా. కలెక్టరు జీపైనా ఆగాల్సిందే. ఆ కర్రనే ఊరికి కిలోమీటరు కింద ఆదివారం ఆదివారం పెట్టాం. బళ్ళు అక్కడి బీడు భూమిలోనే ఆపాలి, మిగతాది నడక. పై మడుగులో దిగకూడదు. ప్లాస్టిక్ సీసా తెస్తే ఒక్కోదానికి ఇరవై రూపాయలు కట్టాలి, వెళ్ళేటప్పుడు సీసా చూపిస్తే డబ్బు వెనక్కి. మందు సీసా అయితే అక్కడే వదలాలి. తిండి అడ్డాకుల్లోనే. మనుషుల్ని ఫొటో తీసే ముందు అడగాలి. మామ్మ ముక్కుకమ్ములు చూసి ఫోన్ ఎత్తే ప్రతివాడికీ ఇప్పుడు మామ్మే చెప్తోంది, "ముందు నీ పేరేటో సెప్పు బాబూ" అని. పేరు చెప్పాక చాలామంది ఫోన్ దించేసి కూర్చుని మాట్లాడతారు. అలా కూర్చున్నవాళ్ళకి గెడ్డ పేరు చెప్తుంది.

అంతా బాగుందని కాదు. ఇరవై రూపాయలు పోతే పోయిందని సీసా అక్కడే విసిరేసేవాళ్ళున్నారు. మా వాళ్ళలోనే ఒకరిద్దరు చాటుగా డబ్బు తీసుకుని పై మడుగుకి దారి చూపించారు, దాని మీద ఊళ్ళో రెండు ఇళ్ళకి మాటల్లేవు. కర్ర పెట్టడానికి మీకు హక్కెవరిచ్చారని ఒక ఆఫీసు నుంచి వచ్చి అడిగారు. గ్రామసభ తీర్మానం కాపీ చూపించాం, తీసుకెళ్ళారు, ఇంకా ఏమీ చెప్పలేదు. బళ్ళు మాత్రం తగ్గాయి. పిన్ని అంబలి తగ్గలేదు, నడిచి వచ్చినవాళ్ళకి దాహం ఎక్కువ.

మొన్న మా క్లాసు అబ్బాయి ఒకడు, "రేయ్, ఇంకా ఎవరూ చూడని ప్లేస్ ఏదైనా ఉంటే చెప్పండ్రా" అన్నాడు. ఉన్నాయి. మాకు తెలిసినవే ఇంకో రెండున్నాయి. మా ఊరికి రా, కర్ర దగ్గర బండి ఆపు, మామ్మకి పేరు చెప్పు, ఆవిడ చూపిస్తే చూడు అన్నాం. వాడు అలిగాడు, తర్వాత వస్తానన్నాడు.

వచ్చే ఆదివారం కర్ర దగ్గర వంతు మాలో ఇద్దరిది. సోమవారం ఇంటర్నల్ పరీక్ష, రాత్రి బస్సుకే తిరిగి రావాలి. మీ ఊళ్ళల్లో ఎవరైనా ఇలాంటిది పెట్టి ఉంటే, ముఖ్యంగా ఆ ఆఫీసు ప్రశ్నకి ఏం జవాబిచ్చారో రాయండి.