మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారా?

ఏటా సంక్రాంతి వెళ్లాక మా ఆస్పత్రి ఓ.పి.లో షుగర్ రోగులు పలచబడతారు. అరిసెలు తిన్నాక డాక్టరుకు ముఖమెలా చూపించాలని జంకు! ఒకావిడ మూడు నెలలు రాక, చివరకు కాలి పుండుతో వచ్చారు. "నోరు కట్టుకోలేనిదాన్ని, నాకిలాగే కావాలి" అని రోజూ తిట్టుకునేవారట. అరిసెలకంటే ఆ తిట్లే ఆమెకు ఎక్కువ చెరుపు చేశాయని నా అభిప్రాయం.

మన మెదడులో బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అనే భాగం ఉంది. అపాయం తోస్తే గంట కొట్టేది అదే. బయటివాళ్లు తిట్టినా, మనల్ని మనమే తిట్టుకున్నా మనసు కలవరపడుతుంది. గుండె దడదడలాడుతుంది. అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను వదులుతాయి. ఈ కార్టిసాల్ రక్తంలో చక్కెరను పెంచుతుంది! చూశారా చిత్రం?

ఆ గంటను అదుపు చేసేది నుదుటి వెనకనున్న ప్రీఫ్రాంటల్ కార్టెక్స్. ముఖచిత్రాలు చూపి, వాటిలోని భావానికి పేరు చెప్పమంటే అమిగ్డలా జోరు తగ్గడం 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు స్కానింగులో గమనించారు. కనుక "నాకిప్పుడు సిగ్గుగా ఉంది" అని మీలో మీరు అనుకోండి. ఊపిరి నెమ్మదిగా వదలండి. పక్కింటి పిన్నిగారు అదే పొరపాటు చేస్తే ఏమంటారు? "పోనీలెండి, రేపు పరీక్ష చేయించుకోండి" అంటారు కదా! ఆ మాటే మీకూ చెప్పుకోండి. ఇది తప్పును వెనకేసుకురావడం కాదు. పరీక్షకు మాత్రం తప్పక రావాలి.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్ర పట్టకపోతే డాక్టరును కలవండి. బతకాలని లేదనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. 2022లో మొదలైన టెలిమానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.