నొప్పికి ఎన్ని మార్కులు?

హుటాన్ మెలింటాంగ్‌లో ఉండే మా మేనత్తకి 72 ఏళ్లు. కొబ్బరితోటల్లో, పామాయిల్ తోటల్లో ఒళ్లు వంచి పనిచేసిన మనిషి. "నొప్పి ఎలా ఉంది అత్తా?" అంటే "ఏదో కాస్త" అంటుంది. కిందటేడు రాయి వల్ల నొప్పి వచ్చి రాత్రంతా మెలికలు తిరిగిపోయినా అదే మాట.

మూత్రపిండాల్లో రాళ్లని మలాయ్‌లో 'బాటు కారాంగ్' అంటారు. కారాంగ్ అంటే సముద్రంలోని పగడపు దిబ్బ. రాయి మూత్రపిండంలో కదలకుండా ఉంటే చాలామందికి తెలియనే తెలియదు. సన్నటి మూత్రనాళంలోకి జారి అడ్డుపడితే మాత్రం వెనక మూత్రం నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు నడుము పక్కనుంచి గజ్జల దాకా నొప్పి అలలు అలలుగా వస్తుంది.

ఆస్పత్రిలో నర్సు అడిగింది: "0 నుంచి 10 వరకు, మీ నొప్పికి ఎన్ని మార్కులు?" మలేసియా ఆరోగ్యశాఖ 2008లో నాడి, రక్తపోటు, జ్వరం, శ్వాసల సరసన నొప్పిని కూడా చేర్చి, దాన్ని అడిగి రాసుకోవాలని చెప్పింది.

అత్త "3" అంది. మూడు మార్కుల నొప్పికి మామూలు బిళ్లతో సరిపెడతారు.

పక్కనున్న మనవరాలు ఊరుకోలేదు. "నానమ్మా, రాత్రి నాతో ఏమన్నావు?"

"ఎవరో నడుంలో చెయ్యిపెట్టి మెలిపెట్టినట్టుంది అన్నానే!"

అత్తకి వచ్చింది బజారు మలాయ్. అందులో నొప్పికీ జబ్బుకీ 'సాకిట్' ఒక్కటే మాట. మనవరాలు బళ్లో నేర్చిన మాట అందించింది: 'మెములాస్', అంటే మెలిపెట్టడం. రెండుసార్లు వాంతయిందనీ, కన్ను మూయలేదనీ కూడా చెప్పింది. కాగితం మీద 3 పోయి 8 వచ్చింది. వెంటనే ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపాగి నర్సు మళ్లీ వచ్చి అడిగింది. అత్త "2" అంది. ఈసారి మొహం చూస్తేనే తెలిసింది, నిజమేనని.

స్కాన్‌లో 4 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. అంత చిన్నవి చాలావరకు వాటంతటవే పోతాయి. అత్తదీ అలాగే పోయింది. కానీ ఇప్పటికీ ఆవిడ చెప్పుకునేది రాయి గురించి కాదు. "మందిచ్చి వదిలెయ్యలేదురా, మళ్లీ వచ్చి అడిగారు!" అంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నేను ఎన్నో 'తృప్తి సర్వే'లు చూశాను. ఇంతకన్నా సూటి జవాబు చూడలేదు.

పిల్లలూ, మన తెలుగులో నొప్పి ఒక్కటే కాదు. పోటు, సలుపు, తీపు, మంట, గుంజు, మెలిపెట్టడం, అన్నీ వేరువేరు. ఇంట్లో పెద్దవాళ్లు ఏ మాట అంటున్నారో చెవిపెట్టి వినండి. డాక్టరు దగ్గర ఆ మాటనే మలాయ్‌లోనో ఇంగ్లీషులోనో చెప్పండి. నొప్పితో పాటు జ్వరం, చలి వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. ఈ ఎండల్లో వాళ్ల పక్కన మంచినీళ్ల సీసా పెట్టడం కూడా మీ పనే!