రోడ్డుకు తాళం లేదు

మనందరికీ సెలవులంటే ప్రయాణమే కదా! పోయిన దసరాకు నేనూ పాపా ప్రేమ్ బజార్‌లో దారికి అరటిపళ్లు కొంటుంటే, కలకత్తాలో పనిచేసే మా తమ్ముడు కొత్త కారు తెచ్చి పక్కన ఆపాడు. "అక్కా, ఇది తనంతట తనే లైను మారుతుంది, చూడు" అన్నాడు. చౌరంగీ కూడలి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. అదే రోడ్డు బాలాసోర్, భువనేశ్వర్ మీదుగా మా శ్రీకాకుళం పక్కనుంచి చెన్నై దాకా పోతుంది.

ముందు అద్దం దగ్గరున్న కెమెరా రోడ్డు మీది తెల్లగీతలను చూస్తుంది. వెనక బంపర్ మూలల్లోని రాడార్లు పక్క లైనులో వెనకనుంచి వచ్చే బండ్ల దూరం, వేగం కొలుస్తాయి. చేతులు స్టీరింగ్ మీద ఉంచి ఇండికేటర్ వేస్తే, ఖాళీ ఉందనిపించినప్పుడు కారు మెల్లగా పక్కకు జరుగుతుంది. రెండుసార్లు చక్కగా జరిగింది. మేం చప్పట్లు కూడా కొట్టాం.

బాలాసోర్ దాటాక ముందు ఒక లారీ నెమ్మదిగా పోతోంది. తమ్ముడు ఇండికేటర్ వేసి, తెర మీద కదిలే బొమ్మను చూస్తున్నాడు. కారు కుడికి జరగడం మొదలైంది. అతని వెనక సీట్లోంచి నాకు కనబడింది: డివైడర్ పక్కన రాంగ్ సైడులో ఒక బైకు ఎదురొస్తోంది. పెట్రోల్ ట్యాంకు మీద బుడగ పట్టుకున్న పిల్లాడు.

"ఒరేయ్!" అని అరిచాను. తమ్ముడు స్టీరింగ్ ఎడమకు తిప్పాడు. చేత్తో తిప్పగానే యంత్రం పట్టు వదిలేసింది. బైకు జానెడు దూరంలో వెళ్లిపోయింది.

దాబా దగ్గర ఆగాం. టీలు చల్లారిపోయాయి. "కారు చూసుకుంటుందనుకున్నానక్కా" అన్నాడు వాడు. వెనక చూసే రాడార్‌కు ఎదురొచ్చే బైకు సంగతి ఏం తెలుస్తుంది? ముందు కెమెరా ఉంది నిజమే, కానీ రాంగ్ సైడులో వచ్చేవాణ్ణి అది ప్రతిసారీ పట్టుకుంటుందన్న హామీ లేదు. ఇలాంటి కార్లను రెండో స్థాయి అంటారు. అంటే బాధ్యత మొత్తం డ్రైవరుదే. కారుతో ఇచ్చిన పుస్తకంలోనూ అదే ఉంది. మావాడు చదవలేదు, అంతే.

తిరిగొచ్చాక మా వీధిలోని తాతగారికి చెప్పాను. ఆయన రైల్వేలో పాయింట్స్‌మ్యాన్‌గా రిటైరయ్యారు. "రైలు లైను మారాలంటే ముందు పాయింటు తిరగాలి, దానికి తాళం పడాలి, ఆ లైను ఖాళీ అని తేలాలి. అప్పుడే సిగ్నల్. మరి మీ రోడ్డుకు తాళం వేసేదెవరమ్మా?" అన్నారు. కాసేపాగి ఆయనే బహనాగా బజార్ పేరెత్తారు. అదీ మన ఖరగ్‌పూర్ డివిజనే. 2023 జూన్ 2న కోరమాండల్‌కు మెయిన్ లైను సిగ్నల్ పడింది, పాయింటు మాత్రం లూప్ లైనుకు ఉంది. వైర్ల కలపడంలో తప్పు. ఆగివున్న గూడ్సును గుద్దింది, 290 మందికి పైగా పోయారు. "అన్ని తాళాలున్నచోటే అలా అయింది" అన్నారు.

ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 79వది ఈ లైను మార్పిడి గురించి చెబుతుంది. పాదచారులకు, సైకిళ్లకు ప్రవేశంలేని, మధ్యలో అడ్డుకట్ట ఉన్న రోడ్ల మీదే వాడాలట. మన 16వ నంబరు మీద సైకిళ్లే కాదు, ఆవులు కూడా నడుస్తాయి!

సంక్రాంతికి మళ్లీ బయలుదేరాం. గీతలు చెరిగినచోట, వానలో, ఊళ్ల దగ్గర తమ్ముడు ఆ మీట నొక్కనే లేదు. మిగతాచోట ముందు డివైడర్ వెంట దూరంగా చూశాడు, తర్వాత అద్దం, ఆ తర్వాత భుజం మీదుగా తల తిప్పి వెనక్కి. అప్పుడు ఇండికేటర్. వెనక సీట్లో మా పాప కూడా ప్రతిసారీ తల తిప్పుతూనే ఉంది.